ఆల్టర్నేటర్ విప్పే ముందు బల్బు చూడండి

శ్రోతలకు నమస్కారం.

పాత కార్ల మీద మోజున్నవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు ఆల్టర్నేటర్ జోలికి పోక తప్పదు. ఇంజనుతో పాటు బెల్టు మీద తిరుగుతూ, కరెంటు పుట్టించి బ్యాటరీని నింపేది అదే. అది మొరాయిస్తే బ్యాటరీలో ఉన్నంతవరకే ప్రయాణం.

నా పాత కారులో ఒకసారి చార్జింగ్ లైటు సతాయించింది. డ్యాష్‌బోర్డు మీద ఎర్రగా ఉంటుందే, అదే. తాళం తిప్పగానే వెలగాలి, ఇంజను స్టార్టయితే ఆరాలి. నా కారులో ఆరేది కాదు. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే మాత్రం టక్కున ఆరేది. ఒకసారి ఆరిందంటే ఇంజను ఆపేదాకా మళ్లీ వెలిగేది కాదు.

ఇంకేముంది, ఆల్టర్నేటర్ పోయిందని తేల్చేశాను. బ్యాటరీ వైరు ఊడదీసి, బెల్టు వదులు చేసి, దాన్ని తెచ్చి బల్ల మీద పెట్టాను. మూడు పొడవాటి బోల్టులు తీస్తే రెండుగా విడిపోయింది. లోపలంతా నల్లటి పొడి. మధ్యలో తిరిగే రోటరు, దాని చివర రెండు రాగి రింగులు, వాటిని ఒరుసుకుంటూ రెండు కార్బన్ బ్రష్‌లు. బ్రష్‌లు చెక్కీ చెక్కీ మిగిలిన పెన్సిల్ ముక్కల్లా ఉన్నాయి, 3 మిల్లీమీటర్లు కూడా లేవు. రింగులను సన్నటి సాండ్ పేపర్‌తో రుద్దితే రాగి రంగు తేలింది. వాటి మధ్య మీటర్ పెడితే 4 ఓమ్‌లు చూపించింది. అంటే రోటరు చుట్ట బాగానే ఉందన్నమాట. కొత్త బ్రష్‌లు వేశాను, బేరింగులు మార్చాను. నిజం చెప్పొద్దూ, ఆ సాయంత్రం నా పనితనం చూసి నాకే ముచ్చటేసింది.

బిగించి స్టార్ట్ చేశాను. లైటు ఆరలేదు.

యాక్సిలరేటర్ తొక్కాను. ఆరింది. మళ్లీ మొదటికొచ్చింది కథ!

రెండు రోజులు వైర్లన్నీ పీకి చూశాక గుర్తొచ్చింది. అంతకు కొన్ని వారాల ముందు, డ్యాష్‌బోర్డు మసకగా ఉందని బల్బులన్నీ తీసేసి ఎల్ఈడీలు పెట్టింది నేనే. చార్జింగ్ లైటుతో సహా.

ఇక్కడ చిన్న సంగతి ఉంది. చేతిపంపు ఒక్కోసారి ఎంత కొట్టినా నీళ్లు ఎత్తదు. ముందు చెంబెడు నీళ్లు పోస్తేగానీ అందుకోదు. ఆల్టర్నేటరూ అంతే. రోటరు శాశ్వత అయస్కాంతం కాదు, కరెంటు పోతేనే అయస్కాంతమవుతుంది. మొదట్లో ఆ కాస్త కరెంటు బ్యాటరీ నుంచి ఎటు వస్తుందనుకున్నారు? ఆ ఎర్ర బల్బులోంచే. నా కారుకు కంపెనీ పెట్టింది 2.2 వాట్ల ఫిలమెంటు బల్బు. దానిలోంచి 0.2 ఆంపియర్లకు కాస్త తక్కువ కరెంటు పోతుంది. ఎల్ఈడీలోంచి పోయేది అందులో పదో వంతు. లైటు వెలగడానికి అది చాలు, రోటరును లేపడానికి చాలదు. బాగా జోరుగా తిప్పితే మాత్రం ఇనుములో మిగిలిన కొద్దిపాటి అయస్కాంతత్వంతో తనంతట తానే అందుకుంటుంది. ఒకసారి అందుకుంటే ఇక బల్బుతో పని లేదు.

పాత బల్బు మళ్లీ పెట్టాను. యాక్సిలరేటర్ తొక్కకుండా, ఐడ్లింగ్‌లోనే లైటు ఆరింది. మార్చిన బ్రష్‌లు వృథా కాలేదు లెండి, వాటికి ఎలాగూ రోజులు దగ్గరపడ్డాయి. కానీ నేను వెతికిన రోగం అక్కడ లేదు.

ఇంకా పాత కార్లలో ఆల్టర్నేటర్ కూడా ఉండదు, డైనమో ఉంటుంది. అమెరికాలో 1960 మోడల్ వాలియంట్‌తో క్రైస్లర్ మామూలు కార్లలోకి ఆల్టర్నేటర్ తెచ్చింది, మిగతా కంపెనీలు ఆ బాట పట్టాయి. డైనమో తీసి ఆల్టర్నేటర్ పెట్టుకుంటామంటే నాకేం అభ్యంతరం లేదు. ఐడ్లింగ్‌లో డైనమో దాదాపు ఏమీ ఇవ్వదు, రాత్రిపూట ట్రాఫిక్‌లో ప్రాణం విసుగొస్తుంది. రెండే రెండు జాగ్రత్తలు. ఎక్కువ ఆంపియర్లు వస్తాయి కాబట్టి బ్యాటరీకి వెళ్లే వైరూ లావుది వేయాలి, లేకపోతే వేడెక్కి కాలుతుంది. కొన్ని పాత బ్రిటిష్ కార్లలో బ్యాటరీ పాజిటివ్ బాడీకి కలిపి ఉంటుంది. అది చూసుకోకుండా కనెక్షన్ ఇస్తే, ఆల్టర్నేటర్‌లో కరెంటును ఒకే దిక్కుకు పోనిచ్చే డయోడ్లు క్షణంలో పోతాయి.

మీ కారులోనూ లైటు ఆరకపోతే, స్పానర్ పట్టుకునే ముందు ఇంత చేయండి. ఇంజను ఆపి, మీటర్‌ను బ్యాటరీ మీద పెడితే 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. స్టార్ట్ చేశాక 14కు అటూఇటూగా రావాలి. ఐడ్లింగ్‌లో రాకుండా, గట్టిగా తొక్కితేనే వస్తుంటే ముందు బల్బు తీసి చూడండి. లోపల సన్నటి తీగ ఉందా, ఎల్ఈడీ ఉందా?

ఎల్ఈడీ ఉంటే, అది ఎవరు పెట్టారో కూడా కాస్త గుర్తు తెచ్చుకోండి. సెలవు.