నాలుగో తీగ

వేదిక మీద ఉన్న ప్రిన్సిపాల్ గారికి, హెచ్‌ఓడీ మేడమ్ గారికి, ముప్పై ఏళ్ల క్రితం ఇదే వర్క్‌షాపులో నా చెయ్యి పట్టుకుని సోల్డరింగ్ నేర్పి, ఈ రోజు ముందు వరుసలో కూర్చున్న మా మాస్టారికి నమస్కారం. మాస్టారూ, మీరు వస్తారని నాకు తెలియదు. మిమ్మల్ని చూస్తుంటే నోట మాట రావడం లేదు. విద్యార్థులందరికీ ఇంజనీర్ల దినోత్సవ శుభాకాంక్షలు. వెనక నిలబడ్డ బాబులూ, ఇటు ముందు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి.

ఆహ్వాన పత్రంలో నా అంశం 'ఇంజనీరింగ్‌లో నూతన ధోరణులు' అని వేశారు. పెద్దలు క్షమించాలి, నేను దాని గురించి మాట్లాడను. 22 ఏళ్లుగా నరసరావుపేటలో కంప్యూటర్లు బాగుచేసి బతుకుతున్నవాణ్ణి. అరచేతిలో పట్టే వస్తువు ఒకటి తెచ్చాను. కంప్యూటర్ లోపల తిరిగే ఫ్యాను ఇది. నాకిచ్చిన ఇరవై నిమిషాలూ దీనికే.

ఈ రోజు విశ్వేశ్వరయ్య గారి పుట్టినరోజు. 1908 మూసీ వరద తర్వాత హైదరాబాదును కాపాడే పథకం వేసిన మనిషిగా ఆయన మనకు తెలుసు. అంతకుముందే, 1903లో, పుణె దగ్గర ఖడక్‌వాస్లా డ్యామ్‌కు ఆయన రూపొందించిన తలుపులు బిగించారు. నీళ్లు ఒక మట్టం దాటితే ఆ తలుపులు వాటంతటవే తెరుచుకునేవి, మట్టం తగ్గితే మూసుకునేవి. అర్ధరాత్రి వరద వచ్చి, తలుపుల దగ్గర కాపలా ఉండే లస్కరు ఒళ్లు తెలియకుండా నిద్రపోతున్నా సరే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

ఫ్యానుకు నాలుగు తీగలుంటాయి. నలుపు, పసుపు కరెంటువి. ఆకుపచ్చది ఫ్యాను ఎంత వేగంగా తిరుగుతోందో కంప్యూటర్ లోపలి ప్రధాన బోర్డుకు, అంటే మదర్‌బోర్డుకు చెబుతుంది, చుట్టుకు రెండు పల్సుల చొప్పున. పాత ఫ్యాన్లకు ఈ మూడే. వేగం తగ్గాలంటే వోల్టేజీ తగ్గించాల్సిందే. నాలుగోది, ఈ నీలం తీగ, 2000ల మధ్యలో ఇంటెల్ ప్రమాణంతో స్థిరపడింది. సెకనుకు సుమారు 25 వేల సార్లు ఆన్, ఆఫ్ అయ్యే సంకేతం ఇందులో వస్తుంది. ఆన్‌లో ఉండే వంతు ఎక్కువైతే వేగం ఎక్కువ. మూడు తీగల ఫ్యానును నాలుగు పిన్నుల చోట పెట్టి, వేగం తగ్గడం లేదని మా షాపుకు తెచ్చేవాళ్లు నేటికీ ఉన్నారు. బోర్డు నీలం తీగ మీద చెబుతోంది, ఆ ఫ్యానుకు నీలం తీగే లేదు. బయాస్‌లో, అంటే బోర్డులోనే ఉండే మూల ప్రోగ్రామ్‌లో, ఆ పిన్నుల్ని డీసీ మోడ్‌కు, అంటే వోల్టేజీతో వేగం మార్చే పద్ధతికి మారిస్తే చాలాసార్లు సరిపోతుంది. అది చిన్న సంగతి.

పెద్ద సంగతి వేరే ఉంది. ఆ ప్రమాణం రాసినవాళ్లు అందులో ఒక నియమం పెట్టారు: నీలం తీగలో సంకేతం లేకపోతే ఫ్యాను పూర్తి వేగంతో తిరగాలి. తీగ తెగినా, పిన్ను ఊడినా, ఆజ్ఞ ఇచ్చేవాడు చచ్చిపోయినా ఫ్యాను గోల పెడుతూ తిరుగుతుంది, యంత్రం చల్లగా ఉంటుంది. గోల వినపడితే మనిషి లేచి వెళ్లి చూస్తాడు. లస్కరు నిద్రపోయినా తలుపు తెరుచుకోవడమంటే ఇదే.

ఇప్పుడు నేను ఆరేళ్లకు పైగా మోస్తున్న సంగతి చెప్పాలి.

మా ఊళ్లో ఒక ఫొటో స్టూడియో ఉంది. ఆయన్ని నేను అన్నయ్యా అని పిలుస్తాను. పెళ్లి ఆల్బమ్‌లు, వీడియో ఎడిటింగ్ అన్నీ ఒకే సిస్టమ్ మీద చేసేవాడు. నేనే అసెంబుల్ చేసి ఇచ్చాను. "తమ్ముడూ, వాయిస్ రికార్డ్ చేస్తుంటే ఈ ఫ్యాన్ల హోరు పడిపోతోంది, ఏదైనా చెయ్యి" అన్నాడు. నేను ఫ్యాన్ల వేగం తగ్గించే ఒక ప్రోగ్రామ్ వేశాను. గది నిశ్శబ్దమైపోయింది. ఎంతో సంతోషపడి నాకు టీ తెప్పించాడు.

2019 మే నెల. పల్నాడు ఎండలు మీకు నేను చెప్పాలా! ఒక రాత్రి పెద్ద వీడియో ఎక్స్‌పోర్ట్ పెట్టి ఇంటికెళ్లాడు. ఏసీ ఆపేశాడు. రాత్రి ఎప్పుడో ఆ ప్రోగ్రామ్ బిగుసుకుపోయింది. మదర్‌బోర్డు మీద ఫ్యాన్లను నడిపే చిప్పును అది అప్పటికే మాన్యువల్ మోడ్‌లో పెట్టి ఉంది. చిప్పు ఆఖరిగా విన్న మాట 30 శాతం. తెల్లారేదాకా ఆ 30 శాతమే పట్టుకుని కూర్చుంది.

ప్రాసెసర్‌కు ఏమీ కాలేదు. వేడెక్కితే అది తన వేగం తానే తగ్గించుకుంటుంది, మరీ వేడెక్కితే యంత్రాన్నే ఆపేస్తుంది. కానీ డబ్బా ముందు వైపున్న ఫ్యాను గాలి మీద ఆధారపడ్డవి రెండు హార్డ్ డిస్కులు. వాటికి ఆ తెలివి లేదు, మౌనంగా కాలుతాయి. పొద్దున ఒక డిస్కు టిక్కు టిక్కుమంటోంది, సిస్టమ్‌కు కనపడటం లేదు. రెండోది బతికింది. డిస్కు తన ఉష్ణోగ్రతను తానే నమోదు చేసుకుంటుంది, 194 అనే వరుసలో. అందులో గరిష్ఠం చూస్తే 66. చాలా డిస్కులకు తయారీదారు చెప్పే హద్దు 60 డిగ్రీలు. పోయిన డిస్కు ఆ వేడికే పోయిందని నేను రుజువు చేయలేను. కాదని చెప్పడానికీ నాకు మనసు ఒప్పదు.

అందులో మూడు పెళ్లిళ్లున్నాయి. ఒక పెళ్లికూతురి తండ్రి ఆ పెళ్లయిన పదహారో రోజున పోయారు. ఆయన కన్యాదానం చేస్తున్న ఫొటోలు, తలంబ్రాలప్పుడు కళ్లు తుడుచుకుంటున్న వీడియో, అన్నీ అందులోనే. ఆ అమ్మాయి స్టూడియోకు వచ్చి అడిగింది ఒక్కటే. "ఒక్క ఫొటో అయినా రాదా అన్నా?" అని. రాలేదమ్మా. హైదరాబాదు దాకా తీసుకెళ్లాను, రాలేదు. బ్యాకప్ లేదేమిటని మీరు అడగబోతున్నారు. ఉండాల్సింది, నిజమే. ఆ ప్రశ్నతోనే మనం తయారీదారుల్ని వదిలేస్తున్నాం.

అసలు ఎందుకు బిగుసుకుంది అని నెల రోజులు తవ్వాను. ఆ చిప్పుతో మాట్లాడే పద్ధతి చెబుతాను వినండి. బ్యాంకు కౌంటర్‌లో ముందు ఖాతా నంబరు చెప్పి, తర్వాత ఎంత వేయాలో చెబుతాం కదా? చిప్పుకూ అంతే: ముందు రిజిస్టర్ నంబరు, అంటే లోపలి గడి నంబరు, తర్వాత అందులో వేయాల్సిన విలువ. నేను నంబరు చెప్పాక, విలువ చెప్పేలోపు, పక్కవాడు దూరి ఇంకో నంబరు చెబితే? నా డబ్బు వాడి ఖాతాలో పడుతుంది. ఆ సిస్టమ్‌లో బోర్డు కంపెనీ వాళ్ల సొంత ప్రోగ్రామ్ కూడా నడుస్తోంది, రంగు లైట్ల కోసం. రెండూ ఒకే చిప్పు మీద రాస్తున్నాయి. ఒకరు మాట్లాడేటప్పుడు ఇంకొకరు ఆగేలా కొన్ని మానిటరింగ్ ప్రోగ్రామ్‌లు తమలో తాము ఒక తాళం ఏర్పాటు చేసుకున్నాయి. అది పెద్దమనుషుల ఒప్పందం. పాటించి తీరాలన్న రూలు లేదు.

లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఇది తెలిసే, బయాస్ తనదని చెప్పుకున్న చోటికి డ్రైవర్‌ను, అంటే చిప్పుతో మాట్లాడే ప్రోగ్రామ్‌ను, దాని గుండెకాయ లాంటి కర్నెల్ రానివ్వదు. నిలవరించడం మంచిదే. కానీ దానివల్ల ఎందరి బోర్డుల్లో ఫ్యాన్లు అసలు కనపడటం లేదో! ఐటీ87, ఎన్‌సీటీ6775 అనే డ్రైవర్లు చూడండి. కొత్త చిప్పు వచ్చినప్పుడల్లా వాలంటీర్లు ఓపికగా దాని సంగతులు కనుక్కుని చేర్చినవి. ఏ సాకెట్‌కు ఏ ఫ్యాను తగిలిందో కంపెనీ రాసి ఇవ్వదు కాబట్టి, పీడబ్ల్యూఎం కాన్ఫిగ్ అనే ప్రోగ్రామ్ ఒక్కొక్క ఫ్యానునే ఆపి, ఏ వేగం పడిపోయిందో చూసి గుర్తుపడుతుంది. చీకట్లో ఒక్కో స్విచ్చు నొక్కి ఏ బల్బు ఆరిందో చూసినట్టు. మన డబ్బుతో కొన్న బోర్డు గురించి మనం ఇలా తడుముకోవాలా? పిల్లలూ, మీకు కోపం రావడం లేదా?

2025 మార్చిలో ఇంకోటి జరిగింది. విండోస్‌లో ఫ్యాన్లను నడిపే చాలా ప్రోగ్రామ్‌లు విన్‌రింగ్0 అనే ఒకే డ్రైవర్ మీద నిలబడ్డాయి. దానిలో భద్రతా లోపం ఉందని 2020 నుంచే నమోదై ఉంది. ఆ మార్చిలో విండోస్‌కు కాపలా కాసే మైక్రోసాఫ్ట్ డిఫెండర్ దాన్ని ప్రమాదకరమైనదిగా పట్టుకోవడం మొదలుపెట్టింది. చాలామందికి తెల్లారేసరికి ఫ్యాన్ల ప్రోగ్రామ్ పనిచేయలేదు. మైక్రోసాఫ్ట్‌ది తప్పనను, లోపం నిజమైనదే. కొత్త డ్రైవర్ రాసి, విండోస్ ఒప్పుకునేలా దానికి డిజిటల్ సంతకం వేయించుకునే ఖర్చు, తతంగం ఒంటరిగా రాసేవాళ్లకు భారం. ఇదంతా ఎందుకొచ్చింది? ఫ్యానుకు మాట చెప్పే దారి బోర్డు తయారీదారు సవ్యంగా ఇవ్వకపోవడం వల్ల.

ఇలా కాకుండా చేయలేమా అంటే, చేసినవాళ్లున్నారు. థింక్‌ప్యాడ్ లాప్‌టాప్‌ల లైనక్స్ డ్రైవర్‌లో ఫ్యాను నియంత్రణ మామూలుగా మూసే ఉంటుంది, కావాలని తెరిస్తేనే తెరుచుకుంటుంది. తెరిచాక కాపలా గడియారం ఒకటి పెట్టుకోవచ్చు, 1 నుంచి 120 సెకన్ల దాకా. ఆ గడువులో ప్రోగ్రామ్ నుంచి మాట రాకపోతే డ్రైవర్ ఫ్యానును సురక్షిత స్థితికి తెచ్చేస్తుంది. ఆ గడియారం అన్నయ్య సిస్టమ్‌లో ఉంటే! రెండు నిమిషాలు, మాస్టారూ. రెండు నిమిషాల్లో ఫ్యాను హోరుమనేది.

మీలో ఫైనలియర్ వాళ్లు చేతులెత్తండి. ఇంతమందా! ప్రాజెక్టు ఇంకా ఖాయం కానివాళ్లు? సరే. మీ ల్యాబ్‌లోనే చవకలో అయ్యే పని చెబుతాను. మైక్రోకంట్రోలర్, అంటే ఒకే చిప్పులో ఉండే చిన్న కంప్యూటర్, ఒకటి తీసుకుని బోర్డుకూ ఫ్యానుకూ మధ్య నీలం తీగ మీద పెట్టండి. దానికి డిస్కు పక్కన సొంత సెన్సర్ ఒకటి ఇవ్వండి. డిస్కు 50 డిగ్రీలు దాటితే బోర్డు ఏం చెప్పినా వినకుండా నీలం తీగలో సంకేతం ఆపేయాలి, అప్పుడు ఫ్యాను పూర్తి వేగంతో తిరుగుతుంది. పార్టులకయ్యే ఖర్చు నేను పెట్టుకుంటాను, నా షాపు తలుపు తెరిచే ఉంటుంది. మొదటిది అన్నయ్య స్టూడియోలో బిగిద్దాం. ఇప్పుడు అక్కడ ప్రోగ్రామ్ లేదు, బయాస్‌లోనే పెట్టాను, హోరు వినిపిస్తూనే ఉంటుంది. ఆయన వద్దనలేదు.

ఛైర్మన్ గారు గడియారం చూపిస్తున్నారు, అయిపోయింది సార్. ఈ ఫ్యానుకు 12 వోల్టుల సప్లై ఇచ్చి ఉంచాను. సంకేతం 30 శాతం. మైక్ దగ్గరికి తెస్తాను, వినండి. వినపడటం లేదు కదూ? ఈ నీలం తీగను ఎవరైనా వచ్చి లాగాలి. ఆ చివరి వరుసలో అమ్మాయీ, నువ్వు రామ్మా.