కుంటలోకి నీళ్ళు యాడనుంచి వస్తాయి సారూ?

అందరికీ నమస్కారం. రోజువారీ పనిలో సరైన లక్ష్యం మీద దృష్టి ఎలా నిలపాలో గంట సేపు మాట్లాడమన్నారు. గంట నా వల్ల కాదు, బయట మన అనంతపురం ఎండ సంగతి మీకు చెప్పాల్సిన పని లేదు. నాకు తెలిసింది ఒకే సంగతి, అదీ తప్పు చేసి తెలుసుకున్నదే.

నేను చాలా ఏళ్ళు వాటర్‌షెడ్ పనుల్లో, అంటే వాననీటిని చేలల్లోనే నిలిపే పనుల్లో, ఫీల్డ్ మీద తిరిగాను. మన దగ్గర ఏడాది మొత్తానికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు, అదీ కావలసినప్పుడు పడదు. వేరుశనగ విత్తిన 40, 45 రోజులకు కాయ కట్టే ఊడలు నేలలోకి దిగుతుంటాయి, ఆ తర్వాత కాయ ఊరుతుంది, సరిగ్గా అప్పుడే వాన మొహం చాటేస్తే చెట్టు పైకి పచ్చగానే కనిపిస్తుంది కానీ పీకి చూస్తే కాయలుండవు. ఆ సమయంలో ఒక్క తడి ఇవ్వగలిగితే పంట గట్టెక్కుతుంది. ఫారం పాండ్లు, అంటే చేలో వాననీళ్ళు నిలిపే కుంటలు, తవ్వించింది అందుకే.

మాకిచ్చిన టార్గెట్ మాత్రం తడి కాదు, కుంటల సంఖ్య. మార్చి 31 లోపల ఇన్ని అయిపోవాలి. పొద్దున ఫోన్, ఎన్నయ్యాయి? సాయంత్రం ఫోన్, ఎన్నయ్యాయి? దాంతో నాకు తెలివి పెరిగింది, జేసీబీ సులభంగా వెళ్ళే చోట, రోడ్డు పక్కన, మిట్ట మీద తవ్వించడం మొదలుపెట్టాను. బిల్లు తొందరగా అయ్యేది, ఫొటో కూడా బ్రహ్మాండంగా వచ్చేది.

ఒకరోజు ఒక పెద్దాయన గట్టు మీద నిలబడి చాలాసేపు చూసి, "దీన్లోకి నీళ్ళు యాడనుంచి వస్తాయి సారూ?" అన్నాడు. చుట్టూ చూశాను. వాలు అటువైపు ఉంది, పడిన ప్రతి చుక్కా అటే వంకలోకి పోతుంది. "వాన పడితే నిండుతుందిలే పెద్దాయనా" అనేసి బండి స్టార్ట్ చేశాను. ఆ నెల మీటింగ్‌లో మా మండలమే ఫస్ట్, చప్పట్లు కూడా కొట్టారు.

నేను సోమరిని కాదు, సోమరినైతే అన్ని తవ్వించేవాణ్ణే కాదు. ఒళ్ళు వంచి పనిచేసేవాడికే ఈ ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే సాయంత్రానికి అలసట వస్తుంది, అలసటను చూసి పని అయిందనుకుంటాడు.

ఇది ఆఫీసుల జబ్బు మాత్రమే కాదు. మా నాయన నాలుగు బోర్లు వేయించాడు. మూడు ఎండిపోయాక ఇక పంట సంగతి వెనక్కి పోయి నీళ్ళు పడాలన్న పంతమే మిగిలింది. నాలుగోదాంట్లో పడ్డాయి, ఊరంతా చక్కెర పంచాడు. ఆ బోరు అప్పు తీర్చడానికి ఆ నీళ్ళు పారే మడినే అమ్ముకున్నాం.

సరైన లక్ష్యాన్ని వదలనివాళ్ళూ ఉన్నారు. పక్కన కడపలో, పాత తెలుగు పుస్తకాలను కాపాడిన సి.పి. బ్రౌన్ దొర ఇల్లున్న చోట ఇప్పుడు ఆయన పేరు మీదే లైబ్రరీ ఉంది, చూసే ఉంటారు. 1820లో వచ్చాడు, పగలు కచేరీ ఉద్యోగమే. తాళపత్రాలు ఎన్ని పోగయ్యాయని లెక్కపెట్టి ఊరుకోకుండా, ఒకే పుస్తకానికి వేర్వేరు ప్రతులు తెప్పించి, పండితుల చేత వాటిని పోల్పించి, చదవడానికి పనికొచ్చే పాఠం తయారు చేయించాడు. వేమన పద్యాలు 1829లో అచ్చయ్యాయి. పండితులను జీతానికి పెట్టుకునే స్తోమత ఆయనకు ఉండేది, మనకు లేదు, ఆ తేడా నాకు తెలుసు.

మరి నేనేం చేశానంటారా? జేబులో చిన్న డైరీ పెట్టుకున్నాను. పొద్దున టీ తాగేటప్పుడు, ఈరోజు పనితో ఎవరి చేనికి ఒక తడి అందుతుంది అని నన్ను నేనే అడిగి, ఒక పేరు తోస్తే ఆ పేరు రాసి ముందు అక్కడికే వెళ్ళేవాణ్ణి. రిపోర్టులు, ఫోన్లు మధ్యాహ్నం తర్వాత. టార్గెట్ వదిలేయమని చెప్పను, జీతం దాని మీదే వస్తుంది. వాన పడేటప్పుడు గొడుగేసుకుని చేలల్లో నిలబడి నీళ్ళు ఎటు పారుతున్నాయో చూసేవాణ్ణి, జనం పిచ్చోడనుకున్నారు. సంఖ్య తగ్గింది, తిట్లూ పడ్డాయి, రెండేళ్ళు టెన్షనే.

ఆ పెద్దాయన చేలో మాత్రం ఆయన చూపించిన చోటే, పల్లంలో, కుంట తవ్వించాం. గట్టు మీద కంది వేసుకున్నాడు. రోడ్డు పక్కది ఇప్పటికీ అలాగే ఉంది, లోపల తుమ్మచెట్టు మొలిచింది, మధ్యాహ్నం మేకలు దాని నీడన పడుకుంటాయి.