అడవిలో నీళ్లు: తేటగా ఉంటే చాలదు

[తెరపై: రాళ్ల మధ్య పారుతున్న వాగు]

ఈ వాగు చూడండి. అడుగున గులకరాళ్లు కూడా స్పష్టంగా కనిపిస్తున్నాయి. అయినా దోసిట పట్టి తాగేయకండి. ఎగువన ఏ జంతువు చచ్చి పడి ఉందో మనకు ఇక్కణ్ణించి తెలియదు. జియార్డియా లాంటి పరాన్నజీవులు కంటికి కనిపించవు. అడవిలో ఉండగా విరేచనాలు పట్టుకుంటే ఒంట్లో మిగిలిన నీళ్లు కూడా పోతాయి.

ముందు నీళ్లు దొరకాలి కదా. పల్లం వైపు నడవండి. చుట్టూ ఎండిపోయి ఒక్కచోటే పచ్చగా ఉందంటే అక్కడ తేమ ఉండే అవకాశం ఎక్కువ. వాగు ఎండిపోయి ఉంటే, మలుపు తిరిగే చోట బయటి ఒడ్డు వైపు చూడండి. ప్రవాహం అక్కడే లోతుగా కోస్తుంది. ఇసుకలో తడి తగిలితే చెలమ తవ్వి, నీరు ఊరేదాకా ఆగండి. ఎంత తవ్వినా పొడి ఇసుకే వస్తుంటే వదిలేయండి, ఊరికే చెమట పోతుంది.

[తెరపై: మడుగు మీద నీలి ఆకుపచ్చ తెట్టె]

ఇలాంటి నీళ్ల జోలికి వెళ్లకండి. నూనె తెట్టె, రసాయనాల వాసన ఉన్నా అంతే. ఈ విషాలు మరిగించినా పోవు.

ఇప్పుడు అసలు విషయం. సీసాలో ఇసుక, బొగ్గు, గుడ్డ పొరలుగా పేర్చి నీళ్లు పోస్తే కింద తేటగా దిగుతాయి. చాలామంది అవి తాగేయొచ్చు అనుకుంటారు. దయచేసి అలా చేయకండి. పోయింది బురద మాత్రమే. క్రిములు చాలావరకు అలాగే ఉంటాయి. ఇది మొదటి మెట్టు, అంతవరకే.

[తెరపై: మంట మీద గిన్నె]

నన్నడిగితే అన్నిటికన్నా నమ్మకమైనది మంటే. గుడ్డతో వడకట్టి, సలసల మరిగాక 1 నిమిషం ఉంచండి. 2,000 మీటర్ల పైన ఉంటే 3 నిమిషాలు, ఎందుకంటే ఎత్తుకు వెళ్లేకొద్దీ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. బాక్టీరియా, వైరస్‌లు, పరాన్నజీవులు మూడూ చస్తాయి. అరగంట మరిగించి కట్టెలు తగలేయక్కర్లేదు.

చేతిలో పట్టుకెళ్లే ఫిల్టర్లూ మంచివే. 0.2 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) రంధ్రాలున్నవి బాక్టీరియాను, పరాన్నజీవులను ఆపుతాయి కానీ వైరస్‌లు వాటిలోంచి జారిపోతాయి. ఇంకో సంగతి: ఒకసారి వాడిన సన్నని గొట్టాల ఫిల్టర్ రాత్రి చలికి గడ్డకట్టిందంటే లోపల పగుళ్లు రావచ్చు. బయటికి ఏమీ తెలియదు. గడ్డకట్టే చలిలో దాన్ని మీతోపాటే రగ్గులో పెట్టుకుని పడుకోండి.

మంట, ఫిల్టర్ రెండూ లేవా? నీళ్లు తేటగా ఉంటే, లేబుల్ తీసేసిన పారదర్శకమైన పెట్ (PET) ప్లాస్టిక్ బాటిల్‌లో నింపి 6 గంటలు ఎండలో పడుకోబెట్టండి. మబ్బుగా ఉంటే వరసగా 2 రోజులు. అతినీలలోహిత కిరణాలు క్రిములను దెబ్బతీస్తాయి.

క్లోరిన్ బిళ్లలు తేలిక. ప్యాకెట్ మీద రాసినంత వేసి, చెప్పినంతసేపు ఆగాలి. చల్లటి నీళ్లలో అవి నెమ్మదిగా పనిచేస్తాయి. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి మాత్రం వాటికి లొంగదు, దానికి మరిగించడమో ఫిల్టరో కావాలి.

[తెరపై: సీసా మూత, దగ్గరగా]

బిళ్ల వేశాక మూత కొంచెం వదులు చేసి సీసాను వంచండి. మందు కలిసిన నీళ్లు మూత బిగించే గాడుల మీదుగా కారాలి. పెదవి తగిలేది అక్కడే, శుద్ధి చేయని నీటి చుక్కలు నిలిచేదీ అక్కడే.