గాలివాటం

శ్రోతలందరికీ నమస్కారం.

ఎవరినైనా "వాడు గాలివాటం మనిషి" అన్నామంటే అది మెచ్చుకోలు కాదు. సొంత ఆలోచన లేదు, ఎటు వీలుంటే అటు వాలతాడు అని. ఈ మాట పడవల వాళ్ల దగ్గర పుట్టి, ఒడ్డున కూర్చున్నవాళ్ల నోట్లో పడ్డాక తిట్టుగా మారి ఉంటుందని నా అనుమానం. ఎందుకంటే సొంత తెరచాప పడవలో మహాసముద్రం దాటాలనుకునేవాళ్లకు గాలివాటం తెలియడమే మొదటి చదువు.

అలా దాటేవాళ్లు ఉన్నారా అంటే, చాలామందే ఉన్నారు. ముప్పై నలభై అడుగుల పడవ, అందులో ఒక్కరో ఇద్దరో. ఉద్యోగం నుంచి రిటైరైన దంపతులు, బడి పిల్లలతో సహా బయల్దేరే కుటుంబాలు. ఆఫ్రికా పక్కన ఉన్న కెనరీ దీవుల నుంచి అట్లాంటిక్ అవతల కరీబియన్ దీవులకు ఏటా వందల పడవలు వెళ్తాయి. దూరం దాదాపు 5,000 కిలోమీటర్లు, పట్టేది సుమారు మూడు వారాలు. ఎక్కువమంది నవంబరు చివర్లోనో డిసెంబరులోనో కదులుతారు. జూన్ నుంచి నవంబరు దాకా అటువైపు హరికేన్ల కాలం. అది ముగిసేసరికి, బళ్లో భూగోళం పాఠంలో చదివి మరిచిపోయిన వ్యాపార పవనాలు వెనక నుంచి నిలకడగా తోయడం మొదలుపెడతాయి.

అదే దారిలో వెనక్కి రావాలంటే నరకం. గాలికి ఎదురుగా తెరచాప పడవ తిన్నగా పోలేదు. కాసేపు కుడికి, కాసేపు ఎడమకు, వంకరటింకరగా ఎక్కుతూ పోవాలి. పది మైళ్ల దారి పద్నాలుగు మైళ్లవుతుంది. పైగా ప్రతి అలా ముఖం మీదే పడుతుంది. అందుకే తెలిసినవాళ్లు ముందు క్యాలెండర్ చూస్తారు, తర్వాతే మ్యాపు.

ఇప్పుడు మన బొంబాయిలో పుట్టిన ఒక పడవ సంగతి చెబుతాను. దాని పేరు సుహేలీ. 32 అడుగులు, టేకు చెక్క. రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ అనే ఇంగ్లిష్ యువకుడు ఇక్కడి ఓడల కంపెనీలో ఆఫీసరుగా పనిచేస్తూ దాన్ని కట్టించుకుని, అందులోనే ఇంగ్లండ్ చేరాడు. తర్వాత ఎక్కడా ఆగకుండా, ఒంటరిగా భూమిని చుట్టి రావాలనుకున్నాడు. అంతకుముందు ఎవరూ చేయని పని. దానికి అప్పుడే ఒక పోటీ కూడా పెట్టారు. ఇంకా పెద్ద పడవ కట్టించాలని తిరిగాడు గానీ డబ్బు పుట్టలేదు. సరే, ఉన్నదాంతోనే అని 1968 జూన్ 14న ఇంగ్లండ్‌లోని ఫాల్మత్ రేవు నుంచి బయల్దేరాడు.

అట్లాంటిక్‌లో ఉండగానే పడవలోకి నీళ్లు ఊరడం మొదలైంది. ఈది కిందికి వెళ్లి చూస్తే అడుగున పలకల మధ్య సందు విచ్చుకుంది. దూది, కాన్వాసు గుడ్డ, వాటి మీద రాగి రేకు. నీళ్లలో ఊపిరి బిగబట్టి, ఒక్కొక్క మేకే కొడుతూ అతికించాడు. మధ్యలో సొరచేప ఒకటి చుట్టూ తిరుగుతుంటే పైకొచ్చి తుపాకీతో దాన్ని కాల్చి, మళ్లీ దిగాడు. ఇక తాగునీటి ట్యాంకులు పాడైతే తెరచాప కింద వాన నీళ్లు పట్టుకున్నాడు. చుక్కానిని తనంతట తాను తిప్పే యంత్రం ఆస్ట్రేలియా దాటుతుండగా పూర్తిగా విరిగింది. అప్పుడు తెరచాపలను ఒకదానికొకటి తూకంగా సర్ది, పడవ తన దారిన తాను పోయేలా చేశాడు. ఆ తూకం కుదిరితేనే ఆయనకు నిద్ర.

రేడియోలో మాట్లాడుతూ ఈ ముక్క చెప్పకుండా ఉండలేను. ఆయన రేడియో కూడా పాడైంది. నవంబరులో న్యూజిలాండ్ తీరం దగ్గర ఒక విలేకరి కలిశాడు. ఆ తర్వాత ఏప్రిల్‌లో అట్లాంటిక్‌లోని అజోర్స్ దీవుల దగ్గర ఒక ట్యాంకరు ఓడ కంటపడేదాకా కబురు లేదు. అన్ని నెలలు ఆయన ఉన్నాడో లేడో కన్నవాళ్లకు తెలియదు.

తుఫాన్ల గురించి అందరూ అడుగుతారు. నిజానికి దూర ప్రయాణంలో రోజులను తినేసేది అరుగుదల. ఒకే తాడు ఒకే చోట మూడు వారాలు ఒరుసుకుంటే ఏ అర్ధరాత్రో పుటుక్కున తెగుతుంది. అందుకని రోజూ దాన్ని జానెడు జరపాలి. ఇద్దరుంటే మూడేసి గంటలు వంతులేసుకుని కాపలా కాయాలి. ఫ్రిజ్ లేని పడవలో కోడిగుడ్లను రెండు రోజులకోసారి తిరగేస్తే వారాలు నిలవుంటాయంటారు. ఇదంతా విని నాకూ సరదా పుట్టిన మాట నిజం. కానీ ఒకసారి విశాఖలో చేపల పడవెక్కి అరగంటకే తల పట్టుకుని కూర్చున్నవాణ్ని. ఆ సరదాను ఒడ్డునే వదిలేశాను.

మన అమ్మాయిలు మాత్రం వదల్లేదు. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి ఆరుగురు నౌకాదళ మహిళా అధికారులు తారిణి అనే 55 అడుగుల తెరచాప పడవలో భూమిని చుట్టడానికి బయల్దేరారు. వారిలో పి. స్వాతిది విశాఖపట్నం, బొడ్డపాటి ఐశ్వర్యది హైదరాబాద్. తారిణి సొంత పడవ కాదు, నౌకాదళానిది. నాలుగు రేవుల్లో ఆగాలని ముందే అనుకున్నారు. చుక్కాని వ్యవస్థ దెబ్బతినడంతో మారిషస్‌లో ఐదోసారి ఆగాల్సి వచ్చింది. 254 రోజులకు, 2018 మే 21న తిరిగొచ్చారు.

రెండు ప్రయాణాలకూ మధ్య దాదాపు యాభై ఏళ్లు. కానీ దక్షిణ అమెరికా కొసన ఉన్న భయంకరమైన కేప్ హార్న్‌ను సుహేలీ దాటింది జనవరిలోనే, తారిణి దాటిందీ జనవరిలోనే. ఇది కాకతాళీయం కాదు. మనకు చలికాలమైన జనవరి అక్కడ నడివేసవి. అక్కడి సముద్రంలో గాలులు ఏడాదంతా పడమటి నుంచి తూర్పుకు హోరెత్తుతాయి. ఇద్దరూ వెళ్లింది ఆ గాలి వీచే వైపుకే, అది కాస్త నెమ్మదించే నెలలోనే. జీపీఎస్ వచ్చింది, ఉపగ్రహ ఫోను వచ్చింది, గాలి మాత్రం పాత లెక్కనే నడుస్తోంది.

సుహేలీ వేగం ఎంతంటారా? సగటున నాలుగు నాట్లు. వరి నాట్లు కాదండోయ్, సముద్రపు లెక్క. నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు. అంటే పక్కింటాయనతో కబుర్లాడుతూ తొక్కే సైకిల్ వేగం కూడా కాదు. ఆ వేగంతో 312 రోజులు. పోటీలో తొమ్మిది మంది బయల్దేరితే చివరిదాకా వచ్చింది ఆయనొక్కడే. కొన్ని పడవలు దెబ్బతిన్నాయి, ఒక మనిషి ప్రాణమే పోయింది. ఆ నావికుడి కుటుంబానికి నాక్స్-జాన్‌స్టన్ తనకొచ్చిన 5,000 పౌండ్ల బహుమతిని ఇచ్చేశాడు.

1969 ఏప్రిల్ 22న సుహేలీ మళ్లీ ఫాల్మత్ చేరింది. తుప్పు మరకలు, మాసిన తెరచాపలు. కస్టమ్స్ అధికారులు పద్ధతి ప్రకారం పడవెక్కి, ఏ రేవు నుంచి వస్తున్నారని అడిగారు.

"ఫాల్మత్ నుంచి" అన్నాడాయన.