టెంకలో జీడి, జీడిలో ప్రోటీన్?

అక్క: నమస్తే అండీ. ఈ వారం విషయం, మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో మిగిలే తొక్క, టెంకలతో చవగ్గా ప్రోటీన్ ఉన్న చిరుతిళ్ళు చెయ్యొచ్చా అని. తమ్ముడు పొద్దున్నే చిత్తూరు నుంచి దిగాడు.

తమ్ముడు: ఆ వాసన ఇంకా పోలేదక్కా. ఫ్యాక్టరీ వెనక తోతాపురి టెంకలు కుప్ప పోశారు, పైవి ఎండాయి గానీ లోపలికి చెయ్యి పెడితే వేడిగా, జిగటగా, పులిసిన కంపు. 2025లో కిలో కాయకి ఫ్యాక్టరీలు 8 రూపాయలివ్వాలి, పైన 4 మేమిస్తాం అని ప్రభుత్వం చెప్పాల్సొచ్చింది కదా. అంత కష్టపడి అమ్ముకున్న కాయలో మూడో వంతు పైనే అలా కుళ్ళుతుంటే కడుపు మండింది.

అక్క: చింతపిక్కలకీ అదే గతి.

తమ్ముడు: మళ్ళీ నీ చింతపిక్కలు వచ్చేశాయా!

అక్క: రావా మరి? మామిడి జీడి, అదే టెంక లోపలి పప్పు, దానికంటే వాటిలోనే ప్రోటీన్ ఎక్కువ. సరే, నీ లెక్క చెప్పు.

తమ్ముడు: ఎండబెట్టిన జీడిలో ప్రోటీన్ 6, 7 శాతమే. మిగతాది ఎక్కువగా పిండిపదార్థం, కాస్త కొవ్వు. అందుకే జీడి పిండి 20 పాళ్ళు, శనగపిండి 55, నూనె తీసిన వేరుశనగ పిండి 25 కలిపితే వంద గ్రాములకి 20 గ్రాములు దాటుతుంది. నూనెలో వేయిస్తే ఆ శాతం తగ్గుతుంది, అందుకే చెక్కలు ఒత్తి ఓవెన్‌లో కాల్చాం.

అక్క: అంటే బలమంతా శనగలది, వేరుశనగది. ప్యాకెట్ మీద మామిడి బొమ్మ వేసి ప్రోటీన్ అని రాస్తే నేనొప్పుకోను.

తమ్ముడు: రాయొద్దు. కానీ జీడి తిండే అక్కా. ఒడిశా సరిహద్దు దగ్గర, సాలూరు వైపు మా అమ్మమ్మ వాళ్ళు టెంకలు పగలగొట్టి, జీడి దంచి, గుడ్డలో మూటకట్టి, వగరు పోయేదాకా నీళ్ళలో ఉంచి అంబలి కాచుకునేవాళ్ళు.

అక్క: ఎప్పుడు?

తమ్ముడు: వానాకాలంలో.

అక్క: ఇంట్లో గింజలు అయిపోయిన నెలల్లో. ఇష్టపడి తాగారా, ఇంకేమీ లేక తాగారా? 2001లో ఒడిశాలోని రాయగడ జిల్లా కాశీపూర్‌లో టెంక జావ తాగినవాళ్ళు చనిపోయారు. ఆకలి చావులా, విషాహారమా అని ఎంత గొడవైంది! 2024లో కంధమాల్‌లో మళ్ళీ అదే. సాలూరుకి రాయగడ ఎంత దూరం రా?

తమ్ముడు: తప్పు జీడిది కాదు. తడిగా దాస్తే బూజు పడుతుంది, అది విషం.

అక్క: తడి అని ఒక్క మాటలో తేల్చకు. వానల్లో ఆ ఇల్లాలు ఎక్కడ ఎండేస్తుంది? ఇంటి చూరు కిందే కదా.

తమ్ముడు: అమ్మమ్మ పొయ్యి మీద అటక కట్టి పొగకి ఆరబెట్టేది. నేనది చూశాను. అంత జాగ్రత్త తెలిసిన మనిషి తిండిని కరువు తిండి అని పక్కన పెడితే నాకు బాధగా ఉంటుంది.

అక్క: ఆమె తెలివిని కాదు రా నేను కాదన్నది. ఆ అవసరం రాకూడదంటున్నా.

తమ్ముడు: ...సరే. అది నిజం.

అక్క: ఫ్యాక్టరీ కుప్పలో మూడు రోజులు నానిన టెంక మాత్రం నాకొద్దు. గుజ్జు తీసిన రోజే కడిగి, డ్రయ్యర్‌లో వెయ్యాలి. వేరుశనగ పిండీ అంతే, పశువులకి పెట్టే గానుగ చెక్క తెచ్చి దంచితే కుదరదు, అఫ్లాటాక్సిన్, అంటే బూజు వల్ల పుట్టే విషం, ఉందేమో పరీక్ష చేయించాల్సిందే. పిల్లలు తినేది.

తమ్ముడు: ఆ డ్రయ్యర్ కరెంటు ఖర్చు దగ్గరే చవక అన్న మాట నిలబడట్లేదు. తొక్క గురించి అసలు మాట్లాడలేదు మనం.

అక్క: తొక్కలో పీచు ఎక్కువ. దాని సంగతి ఇంకో వారం మాట్లాడదాం. ఇదిగో, నీ చెక్క తిన్నా. కరకరలాడుతోంది, చివర్లో నాలుక పట్టేస్తోంది.

తమ్ముడు: వగరు. ఇంకోసారి నీళ్ళు మార్చాలి.

అక్క: ఆ రెండో డబ్బా తెరువు.

తమ్ముడు: ఇదేంటి, ఇంత గట్టిగా... చింతపిక్కలా?

అక్క: వేయించి, పొట్టు తీసి, రాత్రంతా నానబెట్టా. నములు, నెమ్మదిగా.

తమ్ముడు: మ్మ్. ఉప్పు కూడా వేశావా?