చందమామ సాక్ష్యం

(నల్లగొండలో జాతీయ సైన్స్ దినోత్సవం నాటి ప్రసంగం)

అందరికీ నమస్కారం. పిల్లల్ని వెంటబెట్టుకొని వచ్చిన తల్లిదండ్రులకు మరీ మరీ నమస్కారం.

2008 సెప్టెంబర్ 10. మీలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. వినాయక నవరాత్రులు నడుస్తున్నాయి. జెనీవా దగ్గర, ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ సరిహద్దుల్లో, భూమి లోపల 27 కిలోమీటర్ల గుండ్రటి సొరంగం. అందులో యూరప్ దేశాల పరిశోధన సంస్థ సెర్న్ వాళ్లు కణాలను ఢీకొట్టించే యంత్రం, లార్జ్ హాడ్రాన్ కొలైడర్‌ను మొదలుపెడుతున్నారు. మన టీవీల్లో మాత్రం ఒకటే మాట: బ్లాక్ హోల్ పుడుతుంది, భూమిని మింగేస్తుంది! బ్లాక్ హోల్ అంటే దగ్గరికొచ్చిన దేన్నైనా లాగేసుకొని, వెలుగును కూడా బయటికి వదలనిది. మండపం దగ్గర ఒక అవ్వ నా చెయ్యి పట్టుకొని అడిగింది, "సారూ, రేపు పొద్దుగాల మనం ఉంటమా?" అని. ఏం కాదవ్వా అన్నాను. ఎందుకు కాదో చెప్పలేకపోయాను. ఆ వార్తలు చూసి తట్టుకోలేక మధ్యప్రదేశ్‌లో ఒక అమ్మాయి ప్రాణం తీసుకుందని తర్వాత పత్రికల్లో చదివాను. అప్పటి నుంచి ఈ విషయం నన్ను వదల్లేదు.

నిజానికి ఆ రోజు అక్కడ పరమాణువు లోపల ఉండే ప్రోటాన్లు అనే కణాలను సొరంగం చుట్టూ తిప్పి చూశారు, అంతే. ఒకదానితో ఒకటి ఢీకొట్టించనే లేదు. తొమ్మిది రోజుల తర్వాత ప్రమాదం జరిగిన మాట నిజమే. ప్రోటాన్లను గుండ్రంగా తిప్పే అయస్కాంతాల మధ్య ఒక కరెంటు అతుకు పాడైంది. వాటిని చల్లబరిచే హీలియం టన్నుల కొద్దీ సొరంగంలోకి తన్నుకొచ్చింది. బాగుచెయ్యడానికి ఏడాది పైనే పట్టింది. ఆ యంత్రంతో ఉన్న అసలు ప్రమాదాలు ఇలాంటివే: హీలియం, కరెంటు, రేడియేషన్. అందుకే ప్రోటాన్లు తిరుగుతున్నప్పుడు సొరంగంలో మనుషులెవరూ ఉండరు.

మరి ఢీకొట్టిస్తే? ఇప్పుడు రెండు ప్రోటాన్లు ఢీకొనే శక్తి 13.6 టెరా ఎలక్ట్రాన్ వోల్టులు. పేరు పెద్దదే కానీ, పది పదిహేను దోమలు ఎగిరేటప్పుడు ఉండే శక్తి అది. పరమాణువుకన్నా ఎన్నో రెట్లు చిన్న చోట అంత శక్తిని చేర్చడమే అక్కడి గొప్ప. మిగతా కణాలకు బరువెలా వస్తుందో చెప్పే హిగ్స్ బోసాన్ అనే కణం 2012లో దొరికింది అలాగే.

ప్రమాదం ఎలా ఉంటుందో మన జిల్లా వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. మర్రిగూడలో, మునుగోడులో గ్లాసులో నీళ్లు చూస్తే తేటగానే ఉండేవి. ఫ్లోరైడ్ ఉందని గార పట్టిన పళ్లు చెప్పాయి, వంకర తిరిగిన కాళ్లు చెప్పాయి, వంగిపోయిన నడుములు చెప్పాయి. ఏళ్ల తరబడి తాగిన నీళ్లు ఎముకల్లో జాడ వదిలాయి. కొలైడర్ గురించి ఎవరు అడిగినా నేను ఇదే ప్రశ్న వేస్తాను: అలాంటి ఢీ వల్ల ప్రమాదమే ఉంటే, దాని జాడ ఎక్కడ?

ఎందుకంటే ఈ ఢీలు కొత్తవి కావు. అంతరిక్షం నుంచి కాస్మిక్ కిరణాలు, అంటే మహా వేగంగా దూసుకొచ్చే కణాలు, రాత్రింబవళ్లు మన మీద పడుతూనే ఉన్నాయి. 1991లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో నమోదైన ఒక్క కణం గాలిని ఢీకొన్నప్పుడు పుట్టిన శక్తి, జెనీవా యంత్రంలోని ఢీ కన్నా 50 రెట్లు పైనే. భూమి పుట్టినప్పటి నుంచి లెక్కేస్తే, ఆ యంత్రం తన జీవితకాలమంతా చేసే ప్రయోగం లాంటివి ప్రకృతి ఇక్కడే దాదాపు లక్ష సార్లు చేసేసిందని సెర్న్ బృందం 2008 నివేదికలో తేల్చింది. చందమామకైతే గాలి అడ్డం కూడా లేదు. 450 కోట్ల ఏళ్లుగా ఆ దెబ్బలు నేరుగా తింటూ అక్కడే ఉన్నాడు.

ఇక్కడ ఒక మంచి అనుమానం రావాలి, రాకపోతే నేనే అడుగుతాను. కాస్మిక్ కిరణం వల్ల బ్లాక్ హోల్ పుట్టినా అది అదే వేగంతో భూమిలోంచి దూసుకొని బయటికి పోతుంది. కొలైడర్‌లో రెండు వైపుల నుంచీ ఎదురెదురుగా ఢీకొడతాయి కాబట్టి, పుట్టింది మెల్లగా కదులుతూ ఇక్కడే ఉండిపోవచ్చు కదా? చిన్న బ్లాక్ హోల్ వెంటనే ఆవిరైపోతుందని భౌతిక శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ 1974లో లెక్క కట్టాడు. దాన్ని ఇంతవరకు ఎవరూ చూడలేదు కాబట్టి నేను ఆ లెక్క ఒక్కదాని మీదే భరోసా పెట్టను. గిడ్డింగ్స్, మాంగానో అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కూడా పెట్టలేదు. అది ఆవిరి కాదనే అనుకొని వాళ్లు శ్వేత మరుగుజ్జు నక్షత్రాల వైపు చూశారు. ఆయుష్షు తీరి కుదించుకుపోయిన నక్షత్రాలవి. కాస్మిక్ కిరణాలు వాటి మీదా పడుతూనే ఉంటాయి. సూర్యుడంత బరువు భూమంత సైజులో కుక్కితే ఎంత చిక్కగా ఉంటుందో ఊహించండి. ఎంత వేగంగా వచ్చిన బ్లాక్ హోల్ అయినా అందులో చిక్కుకోవాల్సిందే. భూమికి ముప్పు తెచ్చే రకం బ్లాక్ హోళ్లు పుట్టడమే నిజమైతే ఆ నక్షత్రాలు ఎప్పుడో మాయమయ్యేవి. వంద కోట్ల ఏళ్లకు పైబడిన వయసున్నవి ఇప్పటికీ కనిపిస్తున్నాయి.

ఆ అవ్వ ఇప్పుడు లేదు. ఉంటే, చెయ్యి పట్టుకొని మండపం బయటికి తీసుకొచ్చి చందమామను చూపించేవాణ్ని.

ఇక మీరు అడగండి. ముందు పిల్లలు.