ఎర్ర పెన్ను గీతలు

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు ఇప్పటికే రెండుసార్లు చదివారు, మూడోసారి నేను చదవను. నాకిచ్చింది పది నిమిషాలు. నా కడుపుమంటేమో స్కాన్ గదిలో పనిచేసిన ఇన్నేళ్లదీ.

మా బావగారి గుండె సీటీ రిపోర్టులో గుండె నాళం 70 శాతం సన్నబడింది అన్నచోట ఎవరో ఎర్ర పెన్నుతో రెండు గీతలు గీసిచ్చారు. ఆ పూట మా అక్క అన్నం ముట్టలేదు. బావగారు మాత్రం మూడంతస్తులు ఆయాసం లేకుండా ఎక్కుతున్నారు. నేనడిగింది ఒక్కటే: నాళం సన్నబడింది సరే, రక్తం తగ్గిందా? దానికి రిపోర్టులో జవాబు లేదు.

ఆ 70 నాళం వ్యాసం లెక్క. అది రక్తం లెక్క కాదు. మళ్లీ చెప్తున్నా, రక్తం లెక్క కాదు! 1974లో లాన్స్ గూల్డ్ అనే అమెరికా గుండె డాక్టరు బృందం కుక్కల మీద చేసిన ప్రయోగంలో, వ్యాసం 85 శాతం దాకా మూసుకుంటే తప్ప విశ్రాంతిలో ప్రవాహం తగ్గలేదు. కింది సన్న నాళాలు వెడల్పై సర్దుకుంటాయి. గరిష్ఠ ప్రవాహం మాత్రం సగం మూసుకోకముందే దెబ్బతింది. అందుకే మేం మనిషిని ట్రెడ్‌మిల్ ఎక్కిస్తాం, లేదా గుండె నాళాలను వెడల్పు చేసి ప్రవాహం పెంచే అడినోసిన్ లాంటి మందిచ్చి చూస్తాం.

అన్నట్టు, కాఫీ! కెఫీన్ ఈ మందు పనిని అడ్డుకుంటుంది. "రెండు గుక్కలేనండీ" అన్నవాళ్లను ఎంతమందిని తిప్పి పంపానో. ముందురోజే మానేయండి బాబూ.

బావగారికి ఐసోటోప్ స్కాన్ చేశాం, అంటే కొద్దిపాటి రేడియోధార్మిక మందు ఎక్కించి, గుండె కండరానికి రక్తం ఎక్కడెక్కడ అందిందో బొమ్మ తీయడం. తెర మీద పైవరుస శ్రమలో తీసినవి, కిందివరుస విశ్రాంతిలో తీసినవి. గుండెను అడ్డంగా కోసినట్టు చూపే ఆ బొమ్మలు చేతి గాజుల్లా ఉంటాయి, రక్తం అందనిచోట గాజు విరిగినట్టు కనిపిస్తుంది. "ఏరా, ఇక్కడా ఎర్రగా ఉందేమిటి?" అన్నారు. మా తెర మీద ఎరుపు మంచిది బావా, రక్తం బాగా అందినట్టు అన్నాను. రెండు వరుసల్లోనూ ఎక్కడా గాజు విరగలేదు.

ఈ స్కాన్‌కీ లోపముంది. మూడు నాళాలూ సమానంగా సన్నబడితే అంతా ఒకేలా మసకబారి, బాగున్నట్టే కనిపించవచ్చు. పెట్ స్కాన్ అయితే గ్రాము కండరానికి నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్ల రక్తం అందుతోందో చెబుతుంది. ఎంఆర్ఐతోనూ రక్త ప్రవాహం చూడొచ్చు, అందులో రేడియేషన్ ఉండదు. ఇప్పుడు సీటీ బొమ్మల నుంచే కంప్యూటర్ ఒత్తిడి నిష్పత్తి కడుతోంది, అంటే నాళంలో అడ్డు దాటాక ఉన్న ఒత్తిడి, దానికి ముందున్న ఒత్తిడిలో ఎంత అని; అది 0.80, అంతకు తక్కువైతే ప్రవాహానికి అడ్డున్నట్టే లెక్క. బావగారి సీటీ అప్పటికే ఉంది కదా, అదే బొమ్మతో ఆ లెక్కా కట్టించి ఉండొచ్చు. ఎవరూ అనలేదు.

గంట కొట్టేశారా? ఒక్క నిమిషం. ఛాతీ పట్టేసి చెమటలు పోస్తుంటే మాత్రం ఈ స్కాన్‌లేవీ అడగకండి, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. ఇదంతా నిలకడగా ఉన్నవాళ్ల సంగతి. మా బావగారు మందులు వేసుకుంటూ మూడో వరుసలో కూర్చున్నారు, ఆ రిపోర్టు ఆయన చేతిలోనే ఉంది. చూడాలనుకునే డాక్టర్లు కిందికి రండి.